ఎవరు ముట్టిన్రు?

కంప్యూటరు మొరాయించినప్పుడు కనబడే నీలం తెరను కొత్త విండోస్‌లో నల్లగా మార్చేశారని ఈమధ్య మా మేనకోడలు చెప్పింది. తను హైదరాబాదులో ఏదో కంపెనీలో కంప్యూటర్లు బాగుచేసే పనిలోనే ఉంది. ఆ మాట విని నాకు కాస్త దిగులేసింది. పనిచేసినంత కాలం ఆ నీలం రంగును తిట్టుకుంటూనే ఉన్నాను. అన్నం ముందు కూర్చున్నా అదే గుర్తొచ్చేది. అయినా చిరకాలం కీచులాడిన పొరుగాయన ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతే వీధి బోసిపోయినట్టు ఉంటుంది కదా, అట్లా ఉంది.

నేను జహీరాబాదులో బస్టాండు దగ్గరి ఒక షాపులో పనిచేసి రిటైరయ్యాను. రిటైరయ్యానంటే మా ఇంట్లోవాళ్లు నవ్వుతారు, షాపులో పనిచేసేవాడికి రిటైర్మెంటేమిటని. చిన్న స్క్రూలు కనబడటం మానేశాయి. వేళ్లు వణకడం మొదలైంది. నా అంతట నేనే మానుకున్నాను. రిటైర్మెంటంటే ఇంతకంటే ఏముంటుంది? మొదట్లో టైపు మిషన్లు బాగుచేసేవాణ్ని. అవి పోయి కంప్యూటర్లు వచ్చాక, వేరే దారి లేక నేనూ అటు మళ్లాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు నేను నేర్పేది పెద్దగా ఏమీ లేదు. నీలం తెర మీద పడ్డ అక్షరాలు ఫోన్లో కొడితే, ఎక్కడో ఎవరో దాన్ని ఎట్లా బాగుచేశారో వీడియోతో సహా వస్తుంది. మా మొదటి రోజుల్లో ఆ భోగం లేదు. అందుకని ఆ పాఠాలు వదిలేసి, ఫోన్లో దొరకని సంగతి ఒకటి చెబుతాను.

ముందు మా షాపు ఓనరు గురించి చెప్పాలి. ఆయనది బీదర్. కన్నడం, ఉర్దూ, తెలుగు మూడూ కలిపి ఒకే వాక్యంలో మాట్లాడేవాడు. గట్టి పనిమంతుడు. ఆయనకు రెండు పట్టింపులు ఉండేవి. కంప్యూటరు డబ్బా విప్పాక ఏ భాగాన్ని ఎక్కడ తీశామో మళ్లీ అక్కడే పెట్టాలి, చోటు మార్చకూడదు. "తీసిన జాగలనే పెట్టు" అని రోజుకు ఎన్నిసార్లు అనేవాడో లెక్కలేదు. రెండోది ఫోను ఎత్తగానే అడిగే ప్రశ్న. కంప్యూటరు చెడిపోయిందని అవతలివాళ్లు చెప్పీ చెప్పకముందే "ఎవరు ముట్టిన్రు?" అనేవాడు. దవాఖానలో డాక్టరు "ఏం తిన్నవ్?" అని అడిగినట్టు. అందులో ఎవరినీ తప్పుపట్టే ఉద్దేశం లేదు. ఎవరో తెలియక ఏదో నొక్కి ఉంటారు, అదేమిటో తెలిస్తే మాకు పని తేలికవుతుంది. నేనూ అదే ప్రశ్న అడుగుతూ ఈ పని నేర్చుకున్నాను.

ఒక ఏడాది దసరా సెలవులు అయిపోయి బళ్లు తెరిచిన రోజున, ఊరి చివరి ఒక ప్రైవేటు స్కూలు నుంచి ఫోను వచ్చింది. ఆఫీసు కంప్యూటరు నీలం తెర చూపించి ఆగిపోతోందట. ఫోను చేసింది అక్కడి కంప్యూటరు ఆపరేటరు. ఝరాసంగం దగ్గరి పల్లె నుంచి రోజూ షేరాటోలో వచ్చి పనిచేసుకుని పోయే అమ్మాయి. ఫీజులు, హాజరు, సర్టిఫికెట్లు, ప్రశ్నపత్రాలు అన్నీ ఆమె చేతి మీదే నడిచేవి. మా ఓనరు యథాప్రకారం అడిగాడు.

"ఎవరు ముట్టిన్రు?"

అవతల ఫోను స్పీకరులో ఉంది. పక్కనే స్కూలు కరస్పాండెంటు కూర్చుని ఉన్నాడు. ఆ సంగతి మాకు తెలియదు.

మధ్యాహ్నానికి నేను స్కూలుకు వెళ్లేసరికి ఆ ప్రశ్నకు అక్కడ జవాబు తయారైపోయింది. కరస్పాండెంటు ఆఫీసు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పక్కనే స్టాఫ్ రూము, మధ్యలో తలుపు తెరిచే ఉంది. టీచర్లందరూ అన్నం డబ్బాలు విప్పుకుని కూర్చున్నారు. ఆయన గొంతు తగ్గించుకునే రకం కాదు.

"షాపోళ్లు ముందుగాల అడిగిందే అది, ఎవరు ముట్టిన్రని. ఇంకెవరు ముడతరు? పొద్దుగాల ఆన్ చేసింది నువ్వే, కూసున్నది నువ్వే. ఇంకో స్కూలుకు అప్లై చేసినవంట గద, నాకు తెల్వదనుకున్నవా. పోయే ముంగట సిస్టం ఖరాబ్ చేసి పోదామని చూస్తున్నవ్."

ఆ అమ్మాయి బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉంది.

"నేను ఖరాబ్ చెయ్యలేదు సార్. ఆన్ చేసిన, పని చేసుకుంటున్న. నడుమల నీలం వచ్చింది."

"మరి ఎవరు చేసిన్రు?"

ఆమె మాట్లాడలేదు. ఆయన నా వైపు తిరిగి, పదో తరగతి పిల్లల వివరాలు పంపించే గడువు నెత్తి మీద ఉందని, అవన్నీ ఆ డబ్బాలోనే ఉన్నాయని చెప్పాడు. తర్వాత ఆమెతో, "అసలు సంగతేందో షాపోళ్లు తేల్చినంక చూద్దాం. అప్పటిదాక ఇంటికాన్నే ఉండు" అన్నాడు. ఆమె సంచి తీసుకుని స్టాఫ్ రూము మీదుగానే బయటికి వెళ్లింది. వేరే దారి లేదు. అందరూ డబ్బాల్లోకి చూస్తూ తింటున్నారు.

నేను కూర్చుని పని మొదలుపెట్టాను. మన వైపు ఆఫీసుల్లో కంప్యూటరు డబ్బాకు పక్కమూత ఉండటం అరుదు. వేడెక్కుతుందని తీసి పక్కన పడేసి, దానికి ఒక టేబుల్ ఫ్యాను పెడతారు. ఇక్కడా అంతే. దసరా పూజ అప్పుడే అయింది కనుక అన్నింటి మీదా పసుపు కుంకుమలున్నాయి. తెరకు బొట్టు, కీబోర్డుకు బొట్టు, ప్రింటరుకు బొట్టు, తెర కింద రెండు జమ్మి ఆకులు. తెరిచి ఉన్న డబ్బా లోపల కూడా ఎవరో భక్తిగా బొట్లు పెట్టారు. దసరా తర్వాత ఒక నెల వరకు మేము విప్పే ప్రతి డబ్బా ఇట్లాగే ఉంటుంది. అందుకే దాన్ని చూశాను గానీ చూడలేదు.

ఆ స్కూల్లో హెడ్‌క్లర్కును అందరూ పెద్దసారు అంటారు. సర్కారు బడిలో రిటైరై ఇక్కడ చేరిన మనిషి. ఆయనకు కంప్యూటరు రాదు, కానీ దానంటే మహా గౌరవం. ఆ గదిలోకి చెప్పులు విప్పి వచ్చేవారు. నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, కరస్పాండెంటు బయటికి వెళ్లేదాకా ఆగి, మెల్లగా అన్నారు.

"ఆ పిల్ల అసొంటిది కాదు. నాకు చానా దినాల సంది తెలుసు. జర మంచిగ చూడుండ్రి సార్."

మంచిగానే చూశాను. ముందు హార్డ్ డిస్కు తీసి, అందులోని ఫైళ్లన్నీ నేను తెచ్చుకున్న వేరే డిస్కులోకి ఎక్కించుకున్నాను. పదో తరగతి వివరాలు భద్రంగా ఉన్నాయి. తర్వాత బ్లోయరుతో లోపలి దుమ్ము కొట్టాను. ఇక విండోస్ మళ్లీ ఎక్కిస్తే సరిపోతుందనుకున్నాను. మా షాపులో సగం జబ్బులకు అదే మందు. పెన్‌డ్రైవు పెట్టాను. ఫైళ్లు ఎక్కడం మొదలైంది, సగానికి వచ్చింది, నీలం తెర పడింది. మూతి ముడుచుకున్న ఆ బొమ్మ, కింద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. మళ్లీ మొదలుపెడితే ఈసారి ఇంకా ముందే ఆగింది, మాటలు వేరే ఉన్నాయి. మూడోసారి దాదాపు చివరికంటా పోయి ఆగింది, మళ్లీ వేరే మాటలు. పెన్‌డ్రైవు మార్చి చూశాను. అదే తంతు.

మీలో పని తెలిసినవాళ్లు ఇప్పటికే నవ్వుకుంటూ ఉంటారు. ప్రతిసారీ ఒకే మాట వస్తే అది చెప్పిన చోటే వెతకాలి. ప్రతిసారీ మాట మారుస్తోందంటే ర్యామ్‌ను అనుమానించాలి. పని జరుగుతున్నంతసేపు కంప్యూటరు అన్నీ గుర్తుంచుకునేది ఆ ముక్కలోనే. దానికే మతి స్థిమితం లేకపోతే ఒక్కోసారి ఒక్కో మాట చెబుతుంది. ఇది నాకూ తెలుసు. ర్యామ్ ఊడదీశాను. దాని పై అంచున కూడా చిన్న కుంకుమబొట్టు ఉంది. పూజ చేసిన బొట్టు మనం తుడవం. నేను ముట్టుకున్న వేళ్లు కళ్లకద్దుకుని, బొట్టు చెదరకుండా పట్టుకుని, బోర్డులోకి దిగే కింది అంచును రబ్బరుతో రుద్ది, తీసిన జాగలోనే పెట్టాను. నీలం తెర. షాపు నుంచి తెచ్చిన మంచి ర్యామ్ అదే జాగలో పెట్టాను. నీలం తెర. ర్యామ్ దోషం కాదని తీర్మానించుకుని పాతదాన్నే మళ్లీ పెట్టేశాను.

డబ్బాను షాపుకు తీసుకొచ్చాం. మర్నాడు ఓనరు స్వయంగా కూర్చున్నాడు. కొత్త హార్డ్ డిస్కు పెట్టి చూశాడు, కరెంటు డబ్బా మార్చి చూశాడు. నీలం తెర ఆయనను కూడా గౌరవించలేదు. చివరికి కుర్చీ వెనక్కి జరిపి అన్నాడు.

"బోర్డు గయా. మదర్‌బోర్డు పోయిందని చెప్పేయ్ అణ్ణా. వేరే కథ లేదు."

మామూలు రోజుల్లో అయితే ఆ మాటే ఫోన్లో చెప్పేసి ఇంకో డబ్బా విప్పుకునేవాణ్ని. ఆ రోజు ఫోను తీయలేకపోయాను. బోర్డు పోయిందని మేము అంటే అక్కడ కరస్పాండెంటు ఏమంటాడో నాకు తెలుసు. బోర్డు ఊరికే పోతుందా, ఎవరో పోగొడితేనే కదా అంటాడు. మేము చెప్పేది బోర్డు గురించి. అక్కడ వినబడేది ఆ అమ్మాయి గురించి. జహీరాబాదు ఎంత ఊరు? కంప్యూటరు పాడుచేసి పోయిన పిల్ల అని ఒక స్కూల్లో అంటే, ఆమె అప్లై చేసిన ఇంకో స్కూలుకు ఆ మాట ఆమెకంటే ముందే చేరుతుంది.

సాయంత్రం అవుతుండగా ఆ అమ్మాయే షాపుకు వచ్చింది. షాపు ముందరి కోహీర్ జామకాయల బండి దగ్గర కాసేపు నిలబడి, లోపలికి రావాలా వద్దా అని ఆలోచించడం అద్దంలోంచి కనిపించింది. వచ్చి, ఓనరుకు నమస్కారం చేసి, నన్ను అడిగింది.

"ఏమన్న తేలిందా సార్?"

"బోర్డు పోయినట్టుందమ్మా" అన్నాను. అబద్ధం చెప్పడం రాలేదు.

ఆమె ముఖం ఒక్కసారిగా వాడిపోయింది. "అట్ల చెప్తే ఇగ నా మీదనే వడుతది సార్" అంది.

మా ఓనరు మంచిమనసుతోనే అడిగాడు. "సచ్ చెప్పు తల్లీ, మేం ఎవ్వరికీ చెప్పం. లోపల ఏమన్న ముట్టినవా?"

"కీబోర్డు ముట్టిన, మౌసు ముట్టిన. అవి ముట్టకుంట పని ఎట్ల జేస్తరు సార్?" అంది. తర్వాత చిన్నగా నవ్వింది. నవ్వు అనిపించే నవ్వు కాదు. "ముట్టినవా ముట్టినవా అని నాలుగు దిక్కుల నుంచి అడుగుతున్నరు. మా నాయినమ్మకు ఈ మాట చెప్తే వేరే తీరుగ అర్థమైతది. ఆమె కాలంల అడిగింది ఊరి బాయి గురించి, కంప్యూటర్ల గురించి కాదు."

ఓనరు తల వంచుకుని బల్ల మీది స్క్రూలు ఏరసాగాడు. ఆ ప్రశ్న ఆయన ఎన్నేళ్లుగా అడుగుతున్నాడో, అది ఒక్కొక్కరి చెవిలో ఎట్లా పడుతుందో మాకిద్దరికీ ఎప్పుడూ తట్టలేదు.

విప్పి ఉన్న డబ్బా బల్ల మీదే ఉంది. ఆమె దగ్గరికి వచ్చి లోపలికి చూసింది.

"లోపల సాఫ్ చేసిన్రా సార్?"

"చేసిన. బ్లోయరుతోటి మొత్తం కొట్టిన."

"అంతా చేసిన్రా?"

"అంతా" అన్నాను. ఆమె ఇంకా లోపలికే చూస్తోంది. నేను ఆమె చూపు వెంట చూశాను. బోర్డు మీద బొట్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ర్యామ్ అంచున కుంకుమ అట్లాగే ఉంది. నేను తలెత్తేసరికి ఆమె చూపు తిప్పుకుంది. "ఆటో పోతది సార్" అని వెళ్లిపోయింది.

నేను అంతా శుభ్రం చేయలేదు. దుమ్ము పోగొట్టాను, దేవుడికి సంబంధించినది వదిలేశాను. ర్యామ్ ఊడదీసి మొదటిసారి ఆ బొట్టును సరిగ్గా చూశాను. తడి కుంకుమతో పెట్టిన బొట్టు అది. అంచు నుంచి కిందికి సన్నటి ధార ఒకటి దిగి ఎండిపోయి ఉంది. ఆ ధార ముక్క మీదే ఆగిందా, ఇంకా కిందికి పోయిందా? పక్కన ర్యామ్ పెట్టే ఇంకో జాగ ఖాళీగా ఉంది. ఓనరు వైపు చూశాను. ఆయన నియమం ఆయనకు గుర్తుకొచ్చినట్టే ఉంది, అయినా "పెట్టు" అన్నాడు.

పక్క జాగలో పెట్టి విండోస్ ఎక్కించడం మొదలుపెట్టాం. సగం దాటింది. చివరికి వచ్చింది. భాష ఏది కావాలి, పేరేమిటి అని మర్యాదగా అడిగింది. ఓనరు టార్చి తీసి పాత జాగలోకి కొట్టాడు. సన్నటి ఆ గాడి అడుగున పసుపు, కుంకుమ కలిసి ఎండిన ఎర్రటి ముద్ద, దాన్లో ఒక అక్షింత గింజ ముక్క. మేము ఎన్ని మంచి ర్యాములు తెచ్చి పెట్టినా ఆ ముద్ద మీదే పెడుతూ వచ్చాం.

మా వృత్తిలో ఇటువంటి సమయాలకు పనికొచ్చే ఒక మాట ఉంది. మీరు కూడా ఇప్పటికి నేర్చుకునే ఉంటారు. "లూజ్ కనెక్షన్ సార్" అంటాం. ఎవరికీ కోపం రాదు, ఎవరి తప్పూ కాదు, గిరాకీ చెడదు. ఓనరు అదే చెప్పమన్నాడు. పూజ గొడవ మనకెందుకు, వాళ్లు భక్తిగా చేసుకున్నారు, ఎందుకు నొప్పించాలి అన్నాడు. నాకూ మొదట సబబుగానే తోచింది. ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చున్నాక తోచలేదు. లూజ్ కనెక్షన్ అంటే, లూజు చేసిందెవరు అంటాడు కరస్పాండెంటు. ఆ మాట మిషనును కాపాడుతుంది గానీ మనిషిని కాపాడదు.

మర్నాడు పొద్దున ఆటోలు ఆగేచోటికి వెళ్లాను. ముందే ఫోను చేసి రమ్మన్నాను కనుక ఆమె దిగింది. డబ్బా నా బండి మీద కట్టి ఉంది. జరిగింది చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నీకు తెలుసా?" అన్నాను.

"అనుమానం ఉండె. సెలవులకు ముంగట పూజ చేసిననాడు నేను ఆడనే ఉన్న. పెద్దసారు తడిచేతుల తోటి లోపల బొట్లు పెడుతుంటే చూసిన. తర్వాత పువ్వు తోటి నీళ్లు చల్లిన్రు."

"మరి ముందే చెప్తే అయిపోతుండె గదమ్మా. ఇన్ని మాటలెందుకు పడ్డవ్?"

ఆమె నన్ను చూసిన చూపులో కోపం లేదు. చిన్నపిల్లలకు చెప్పినట్టు నిదానంగా చెప్పింది.

"మేం చర్చికి పోయేటోళ్లం సార్. మీరు చెప్తే అది మిషన్ మాట అయితది. నేను చెప్తే పూజ మాట అయితది. కంప్యూటర్ ఖరాబ్ చేసిందంటే ఒక్క నౌకరే పోతది. పూజను తప్పు పట్టిందంటే ఊర్ల మా ఇల్లు ఎట్లుంటది? పెద్దసారు గూడ నన్ను బిడ్డ లెక్క చూస్తడు. ఆయన ముఖం ఎట్ల చూస్త నేను?"

అంత పెద్ద లెక్క ఆమె ఆ రోజు బల్ల అంచు పట్టుకుని, అందరూ చూస్తుండగా, నిలబడ్డచోటే వేసుకుంది. నేను నా జీవితంలో విప్పిన డబ్బాలన్నింటిలోనూ అంత వేగంగా పనిచేసినది ఒక్కటీ లేదు. నాకు సిగ్గుగానూ, గర్వంగానూ రెండూ అనిపించాయి. గర్వం ఎందుకో చెప్పలేను, ఆమె నాకేమీ కాదు.

స్కూల్లో కరస్పాండెంటు, పెద్దసారు ఇద్దరూ ఆఫీసులో ఉన్నారు. ఆమె గుమ్మం దగ్గరే ఆగింది. నేను డబ్బాను బల్ల మీద పెట్టి, తీగలు తగిలించి, ఆన్ చేశాను. లేచింది. తిరిగి ఎక్కించిన పదో తరగతి ఫైలు తెరిచి చూపించాను. కరస్పాండెంటు ముఖం విప్పారింది.

"ఏమైండె మరి?" అన్నాడు.

లూజ్ కనెక్షన్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. కంప్యూటరు బంద్ చేసి, టార్చి తీసి ఆ గాడిలోకి కొట్టి, వంగి చూడమన్నాను. ఆయన చూశాడు.

"ఎర్రగున్నది ఏంది?"

"కుంకుమ సార్. పూజనాడు తడిబొట్టు కిందికి కారి ఎండింది. పక్కమూత లేకపోవడం వల్ల అయింది. మూత పెట్టి ఉంటే బొట్టు మూత మీద ఉండేది. ఇది ఎవ్వరూ కావాలని చేసింది కాదు. ఈ అమ్మాయికి దీంతోటి ఏ సంబంధం లేదు."

పెద్దసారు కళ్లజోడు సరిచేసుకుని వచ్చి, తాను కూడా వంగి చూశారు. చాలాసేపు చూశారు.

"నేనే పెట్టిన" అన్నారు.

కరస్పాండెంటు వెంటనే అందుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, నోరు ముందు, ఆలోచన వెనుక. "అయ్యో, మీరు దేవుని పని చేసిన్రు సార్, దానికేముంది. అయింది అయిపోయింది." గుమ్మం వైపు తిరిగి, "ఇగ ఫికర్ చెయ్యకు. వచ్చి కూసో, పని చూసుకో" అన్నాడు.

ఆమె కదలలేదు.

"కూసుంట సార్. గని మొన్న అందరి ముంగట అన్నరు. స్టాఫ్ మొత్తం విన్నరు. ఇప్పుడు ఈ సంగతి మనం నలుగురమే విన్నం."

గొంతు పెంచలేదు. ఏడవలేదు. జరిగిన సంగతిని జరిగినట్టు చెప్పింది, అంతే. కరస్పాండెంటు ఏదో అనబోయి ఆగాడు. సారీ అన్న మాట అలవాటు లేనివాళ్లకు అది గొంతులో అడ్డం పడుతుంది. బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు.

పెద్దసారు ఎవరినీ అడగలేదు. స్టాఫ్ రూము తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. మొదటి గంట ఇంకా కొట్టలేదు, టీచర్లందరూ అక్కడే ఉన్నారు. ఆయన వెనకే ఆమె, ఆమె వెనకే నేను.

"జర అందరు వినుండ్రి" అన్నారు ఆయన. "మొన్న కంప్యూటర్ ఈ పిల్ల ఖరాబ్ చేసిందని అన్నం. తప్పు. ఖరాబ్ చేసింది నేను. పూజ చేస్తున్నప్పుడు నా చేతి తోటి—"

ఆమె ముందుకు వచ్చి ఆయన మాటకు అడ్డం పడింది. ఆ స్కూల్లో ఎవరైనా పెద్దసారు మాటకు అడ్డం రావడం అదే మొదలని తర్వాత అక్కడి టీచర్లు చెప్పారు.

"సారు ఖరాబ్ చెయ్యలేదు" అంది, అందరికీ వినబడేటట్టు. "సారు పూజ చేసిన్రు. కంప్యూటర్ ఖరాబ్ అయింది."

పెద్దసారు తలుపు పట్టుకుని ఆమె వైపు చూస్తూ ఉండిపోయారు. 'చేసింది' అన్న మాటను ఆమె ఆ రెండు రోజులూ ఒక్కతే మోసింది. అది ఎంత బరువో ఆమెకు తెలుసు. అందుకే ఆ ముసలాయన మీద దాన్ని ఒక్క నిమిషం కూడా ఉండనివ్వలేదు.